కిలో లెక్కన అమ్మేయకండి ఆ గొంతుల్ని!

పోయిన ఉగాదికి ముందు మా పక్కింటావిడ అటక సర్దుకుంటూ నన్ను కేకేసింది. "రామ్మా, నీకు పనికొచ్చే చెత్త ఏందో ఉండాది చూడు" అని. వెళ్ళేసరికి వాకిట్లో పాత సామాన్లబ్బాయి తరాజు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక పక్క చిల్లుపడిన బిందె, తుప్పు పట్టిన కిరసనాయిలు స్టవ్వు. ఇంకో పక్క నల్లగా, పళ్ళాల్లా పేర్చిన గ్రామఫోను రికార్డులు. "ఇవి ఇనుమూ కాదు, ప్లాస్టిక్కూ కాదు. ఏ లెక్కన తీసుకునేది అక్కా?" అని ఆ అబ్బాయి తల గోక్కుంటున్నాడు. చివరికి స్టవ్వు మీద కొసరుగా ఇచ్చేయమన్నాడు. కొసరుగా! నేనే ఏదో ముట్టజెప్పి ఆ పదకొండు రికార్డులూ ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లో మామూలే. మావారు నవ్వారు. మా అత్తయ్య, "ఉన్నవే పెట్టేదానికి చోటు లేదు, మళ్ళా ఏంటికి?" అన్నారు. మగవాళ్ళు తపాలా బిళ్ళలో, పాత నాణాలో పోగేస్తే దాన్ని హాబీ అంటారు. అదే ఆడది ఏదైనా దాచుకుంటే పిచ్చి అంటారు. ఆ మాట పడటం నాకు అలవాటే. ఈరోజు చెప్పదలచుకున్నది మాత్రం నా పిచ్చి గురించి కాదు. ఆ రికార్డుల్లో ఉన్న ఆడవాళ్ళ గురించి.

ఘంటసాల, సుశీల, జానకి గార్ల పాటలకేం ఢోకా లేదు. రికార్డుల నుంచి క్యాసెట్లలోకి, అక్కణ్ణుంచి సీడీల్లోకి, ఇప్పుడు సెల్‌ఫోన్లలోకి వచ్చేశాయి. నేను వెతికేది వాటికోసం కాదు. నాటకాల పద్యాలో, జావళీలో పాడి, ఒకటో రెండో రికార్డులిచ్చి, ఆ తర్వాత ఎవరికీ పట్టకుండా పోయిన వాళ్ళ కోసం. ఆ రోజుల్లో చాలా రికార్డుల మీద 'మిస్ ఫలానా' అని మాత్రమే ఉండేది. ఇంటిపేరు ఉండదు, పుట్టిందెక్కడో, పెరిగిందెక్కడో ఉండదు. ఆ కాగితం ముక్క ఊడిపోయిందంటే ఆ మనిషే లేనట్టు.

కడప జిల్లా ఆడపడుచుని కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అంటాను. 1885లో మా జిల్లాలోని సురభి గ్రామంలో తోలుబొమ్మలాడించే కుటుంబాల వాళ్ళు బొమ్మలు పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడారు. సురభి నాటక సమాజం అలా పుట్టింది. బయట నాటకాల్లో మీసాలు తీసేసిన మగవాళ్ళే ద్రౌపదులూ సత్యభామలూ అయ్యే కాలంలో, సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారు కూడా స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టినవారే. అయినా స్టేజీ మీద సత్యభామ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది స్థానం నరసింహారావు గారు. ఆయన గొప్ప నటుడు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు, కాదనను. కానీ అదే సత్యభామను ఊరూరా డేరాల్లో ఆడి పాడిన సురభి ఆడవాళ్ళలో ఎంతమంది పేర్లు చెప్పగలం? తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి పేరొక్కటి చెబుతాం. అదీ సినిమా పుణ్యమే.

గ్రామఫోను కథ కూడా ఆడవాళ్ళతోనే ముడిపడి ఉంది. 1902లో ఇంగ్లండు నుంచి గ్రామఫోను కంపెనీ వాళ్ళు కలకత్తా వచ్చి పాటలు రికార్డు చేశారు. అప్పుడు పాడిన పెద్ద గాయని గౌహర్ జాన్. మూడు నిమిషాల్లో పాట ముగించి, చివర ఇంగ్లీషులో తన పేరు తానే గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది ఎక్కడో జర్మనీలో కాబట్టి, అక్కడివాళ్ళు పాడిందెవరో గుర్తుపట్టడానికే ఆ ఏర్పాటు అంటారు. 1908 నుంచి కలకత్తాలోనే రికార్డులు తయారయ్యాయి. వాటిలో వాడింది మన లక్కే! గాజులకూ లక్కపిడతలకూ వాడే ఆ లక్కే. అందుకే పాత 78 రికార్డు చెయ్యి జారితే పెంకులా పగిలిపోతుంది. తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీలు పగలవు గానీ ఎండకు వంకర పోతాయి.

మా జేజినాయనకు అలాంటి రికార్డులు నలభై దాకా ఉండేవి. సాయంత్రం కీ ఇచ్చి, ముల్లు మార్చి, బూరా గ్రామఫోను పెట్టేవారట. ఆయన పోయాక మా జేజి వాటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. నేను వెళ్తే మాత్రం ఒక్కోటీ తీసి చూపించి, "అమ్మీ, ఆయమ్మ పాడ్తాంటే మీ జేజినాయన అన్నం ముందర పెట్టుకోని మర్చిపోతాండె" అనేది. పాడిందెవరో, ఏ నాటకంలోనో, ఏ ఊరి తిరనాళ్ళలో చూసిందో అన్నీ చెప్పేది. నేను "ఊ" కొట్టి ఊరుకున్నాను. ఒక్క ముక్క రాసుకోలేదు. జేజి పోతూ ఆ పెట్టె నాకిచ్చింది. దాన్ని కర్నూలు తెచ్చి కింది గదిలో మంచం కిందకి తోసేశాను.

2009 అక్టోబరు 2 కర్నూలు వాళ్ళెవరూ మర్చిపోలేరు. తుంగభద్రా హంద్రీ ఒక్కటై ఊళ్ళోకొచ్చాయి. మేం మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్ళు తీశాక బురదలోంచి ఆ పెట్టె లాగితే, పగిలినవి పోగా ముప్ఫై ఒకటి మిగిలాయి. మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టాను. లక్క రికార్డు నీళ్ళకు చావలేదండీ! కానీ మధ్యలో అతికించిన కాగితాలన్నీ ఊడి బురదలో కలిసిపోయాయి. మరమ్మతు చేయించిన గ్రామఫోను మీద ఒకటి పెట్టాను. ఎంత చక్కని గొంతో! గరగరల వెనక నుంచి ఎవరో ఆడమనిషి గుక్క తిప్పుకోకుండా పద్యం ఎత్తుకుంది. ఎవరామె? చెప్పడానికి జేజి లేదు. చెప్పినప్పుడు నేను వినలేదు. వరద తీసుకుపోయింది కాగితాన్నే, పేరును పోగొట్టింది మాత్రం నేనే. ఆ బాధతోనే నేను రికార్డులు వెతకడం మొదలుపెట్టాను.

"ఈ పిచ్చి నీకొక్కదానికే కాదులేమ్మా" అంటుంది అమెరికాలో ఉన్న మా అమ్మాయి. అక్కడ 1970లలో పంక్ రాక్ అని ఒక సంగీతం వచ్చింది. చదువుకున్న సంగీతం కాదు, కుర్రకారు కోపంతో గోలగోలగా వాయించి పాడేది. పెద్ద కంపెనీలు పట్టించుకోకపోతే, చిన్న చిన్నవాళ్ళు తలా కొన్ని వందల రికార్డులు వేసుకున్నారు. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. ఇప్పుడు ఎవరికీ తెలియని ఆ రికార్డుల కోసం పాత సామాన్ల దుకాణాలు జల్లెడ పట్టేవాళ్ళున్నారు. లాస్ ఏంజెలెస్‌లో 'ద బ్యాగ్స్' అనే బృందంలో ఆలిస్ బ్యాగ్ అని ఒకామె పాడేది, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలో పిల్ల. ఆ బృందం ఉన్నన్నాళ్ళూ సొంతంగా ఇచ్చింది ఒక్కటే చిన్న రికార్డు, 1978లో. ఆమె 2011లో తన కథ తానే పుస్తకంగా రాసుకుంది. కాబట్టి ఆమె పేరు నిలిచింది. మన నాటకాల ఆడవాళ్ళలో అలా రాసుకునే తీరిక, చదువు ఎంతమందికి దొరికి ఉంటాయి? వాళ్ళ తరఫున రాయాల్సింది వినే మనమే కదా!

"అన్నీ యూట్యూబులో ఉంటాయిగా" అంటారు కొందరు. అక్కడ ఉన్నవి ఎవరో ఒకరు దాచి, శ్రమపడి ఎక్కించినవే. కిలో లెక్కన పోయినవి ఎక్కడికీ ఎక్కవు. మా కడపకు 1820లో వచ్చిన బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను పెట్టుకుని, తాటాకు గ్రంథాలు సేకరించి రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చేయించాడు. ఆయన ఉన్న చోటే ఈనాడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆకుల మీది అక్షరానికి ఉన్న విలువ లక్క మీది గొంతుకు ఉండొద్దా? ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఒక అర, ఒక మిషను, ఒక రిజిస్టరు పెట్టమని అడిగితే అదేం గొంతెమ్మ కోరిక కాదు.

అది జరిగేదాకా మన చేతుల్లో ఉన్నదేదో మనం చేద్దాం. అందరూ నాలా పోగేయమని అనను, ఇళ్ళు ఇరుకని నాకూ తెలుసు. రికార్డు ఎవరికి ఇచ్చినా ముందు దాని మీది పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి, లేదా సెల్‌తో ఫొటో తీయండి. కాగితం ఊడిపోయి ఉంటే, దాని పక్కన నున్నటి చోట నొక్కిన అంకెలుంటాయి, వాటినైనా రాయండి, తెలిసినవాళ్ళు వాటిని బట్టి ఆరా తీయగలరు. 78 రికార్డును పొరపాటున కూడా స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీకి వాడే సన్న ముల్లు దీనికి పనికిరాదు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఎండ తగలనిచోట నిలబెట్టండి. నేనైతే వంటింటి పక్క కడప బండల అల్మరాలో కింది అర ఖాళీ చేసి పెట్టుకున్నాను. మన ఎండలకు అంతకంటే చల్లటి చోటు లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమె పక్కన కూర్చుని వినిపించండి. పక్కింటామె ఇచ్చిన పదకొండులో ఒకటి పెడితే, పిచ్చి అన్న మా అత్తయ్యే వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "ఈ పద్యం మా ఊళ్ళో డేరా నాటకంలో విన్న్యా" అన్నారు. పాడినామె పేరు కూడా చెప్పారు. ఈసారి నేను "ఊ" కొట్టి ఊరుకోలేదు.

ఆలోచించి చూడండి. మన ఇళ్ళల్లో అటకలు సర్దేది ఎవరు? మనమే. ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని తేల్చేదీ మనమే. ఈ పండక్కి అటక ఎక్కేటప్పుడు దుమ్ము దులిపే చీపురుతో పాటు ఒక పెన్నూ నోటుబుక్కూ కూడా పట్టుకెళ్ళండి.