నీ స్టోరీకి ఇచ్చే ఐదొందలు ఎవరి డబ్బులు?

మొన్న రేపల్లె నించి పెనుమూడి వచ్చే ఆటోలో, డిగ్రీ రెండో ఏడాది చదివే మా ఊరి అమ్మాయి నా పక్కన కూచుంది. చేతిలో అడ్వర్టైజింగ్ నోట్సు ఉంది. తెల్లారితే పరీక్షంట. "బాబాయ్, ఈ నోట్సులో ఉండేది ఒకటి, నా ఫోన్లో జరిగేది ఇంకోటి. ఏది రాయమంటావ్?" అంది. నవ్వులాటకి అందనుకున్నా. కాదు. ఫోన్ తీసి చూపించింది.

ఇన్‌స్టాలో ఆ పిల్లకి రెండు వేల మంది ఫాలోయర్లున్నారు. కృష్ణ ఒడ్డున పడవలు, పులిగడ్డ వారధి మీద పొద్దుగూకడం, ఇట్టాంటి వీడియోలు పెడతది. ఎవరో ముక్కూమొహం తెలీనోడు మెసేజ్ పెట్టాడు. ఒక్క స్టోరీ పెడితే ఐదొందలు. ఆమె లింకు నొక్కి చేరినోళ్ళని బట్టి ఆపైన కమీషన్. చూడటానికి రంగురంగుల ఆటే గానీ, డబ్బు కట్టి ఆడే యాప్ అది. "మా క్లాసులో ఇద్దరు పెట్టేశారు బాబాయ్. నేనూ పెడితే రీచార్జికి, ఆటో ఖర్చులకి సరిపోద్ది గదా" అంది.

తప్పమ్మా అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నలభై దాటినోడికి నీతులు చెప్పడం తేలిక. ఐదొందలు అవసరం లేనోడికి ఇంకా తేలిక. అందుకే నీతి పక్కనబెట్టి లెక్క చూద్దాం అన్నా.

ఆ ఐదొందలు ఎక్కడ నించి వస్తయ్? సబ్బు అమ్మేవాడు సబ్బు మీద వచ్చిన లాభంలో నించి ప్రకటనకి పెడతాడు. బెట్టింగ్ యాప్ ఏ వస్తువూ తయారు చెయ్యదు. దాని ఆదాయమల్లా ఆడినోళ్ళు పోగొట్టుకున్నదే. ఈ వ్యాపారంలో కమీషన్ ఇచ్చే పద్ధతులు రెండు. మనిషి చేరితే ఇంత అని ఒకటి. రెండోది, నీ లింకు ద్వారా వచ్చినోడు పోగొట్టుకున్న సొమ్ములో వాటా. అంటే నీ స్నేహితుడు ఎంత ఓడితే నీకంత లాభం. లింకులో ఉండే ఆ నాలుగు అక్షరాల కోడ్ పని ఇదే: ఎవరు ఎవర్ని తోలుకొచ్చారో లెక్కరాసుకోవడం.

మరి రెండు వేల ఫాలోయర్లున్న పిల్ల వాళ్ళకెందుకు? అక్కడే ఉంది అసలు కిటుకు. సినిమా హీరో చెబితే ప్రకటన అనుకుంటాం. మన వీధి పిల్ల చెబితే "మనోళ్ళే గదా" అనుకుంటాం. పిన్ని కొడుకు, ఇంటర్‌లో పక్క బెంచీవాడు, రొయ్యల చెరువు కాడ కాపలా ఉండే అన్న, వీళ్ళే ఆ రెండు వేల మంది. ఆ కంపెనీ కొనేది స్టోరీని కాదు, ఊళ్ళో నీకున్న నమ్మకాన్ని. దానికి ఐదొందలు కట్టాడు.

ప్రకటన అంటేనే పాపం అని నేననడంలేదు. మా ఏటి అవతల కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టాడు. సంగీత సభల్లో జనానికి ఊరికే పంచి అలవాటు చేశాడు. అదీ మార్కెటింగే. ఆ సంపాదనే 1908లో ఆంధ్రపత్రికకి ఊపిరైంది. కాకపోతే ఆ సీసా ఎవరిదో, తయారు చేసినోడు ఎక్కడుంటాడో జనానికి తెలుసు. తలనొప్పి తగ్గకపోతే మళ్ళీ కొనరు. ఇప్పుడు నీకు మెసేజ్ పెట్టినోడి పేరేంది? ఊరేంది? రేపు డబ్బు పోయినోడు ఎవరింటికి వస్తాడు? నీ ఇంటికే.

ఇది ఉత్త బెదిరింపు కాదు. విశాఖలో చేపల వేట వీడియోలతో పేరు తెచ్చుకున్న లోకల్ బాయ్ నానిని 2025 ఫిబ్రవరిలో బెట్టింగ్ యాప్ ప్రచారం కేసులో పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి నెలలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్లో 11 మంది మీద, మియాపూర్ స్టేషన్లో సినిమావాళ్ళతో కలిపి 25 మంది మీద కేసులు పడ్డాయి. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. కానీ తేడా చూడండి. పెద్దోళ్ళకి వకీళ్ళుంటారు. స్టోరీ పెట్టిన డిగ్రీ పిల్లకి ఎవరున్నారు?

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఐదొందలు ఎక్కడ, యాభై లక్షలు ఎక్కడ! మామూలు సరుకులకి కూడా లెక్కుంది. డబ్బు గానీ, ఊరికే వచ్చిన వస్తువు గానీ తీసుకుని పొగిడితే, అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా.

ఇవన్నీ చెబుతుంటే ఆ పిల్ల నోట్సు తిరగేసింది. జనం చూపు పట్టుకో, ఆసక్తి పుట్టించు, కోరిక రగిలించు, కొనిపించు అనే నాలుగు మెట్ల సూత్రం ఉంది. నూటపాతికేళ్ళ నాటి అమెరికా సూత్రమది. "ఇందులో కొనేవోడి సంగతి ఏది బాబాయ్?" అంది. ఆ నోట్సులో నేను చూసినంతలో లేదు. అమ్మడం నేర్పారు. అమ్ముడుపోకుండా ఉండటం నేర్పలా.

2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మన ఉన్నత విద్యామండలి అడ్వర్టైజింగ్‌ని నైపుణ్య కోర్సుల్లో పెట్టింది. పల్లె పిల్లలకి పనికొచ్చేదే, కాదనను. అప్పుడే పది నెలల ఇంటర్న్‌షిప్పులు కూడా పెట్టారు. అందులో మొదటిది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఊళ్ళో తిరిగి సర్వే చేసి నివేదిక రాయాలి. మన పిల్లలు చాలామంది మరుగుదొడ్లు, మొక్కలు అని ఏదో రాసి సంతకం పెట్టించుకుంటున్నారు. అదే ప్రాజెక్టులో ఇది చెయ్యండి. ఒక వీధిలో యాభై ఇళ్ళు ఎంచుకోండి. ఆ వారం ఫోన్లో ఏ ప్రకటనలు వచ్చాయి, ఎవరు పంపారు, ఎన్నిటికి ప్రకటన అని రాసుంది, ఎవరికి ఎంత పోయింది, అడిగి రాయండి. పేర్లు రాయొద్దు, పరువు సంగతి. లెక్చరర్లు దానికి మార్కులు వెయ్యాలి. కాలేజీ ఆ నివేదికని పంచాయతీలో చదివించాలి. ఒక పాఠం ఊరికి పనికిరావడమంటే అదీ.

ఇప్పటికే డబ్బు పోయినోళ్ళకి ఒక మాట. సిగ్గుపడి దాచుకోబాకండి. కొత్త కేంద్ర చట్టంలో ఆడినోడికి శిక్ష లేదు. ఆన్‌లైన్లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వస్తువు బాగోకపోయినా, ప్రకటన అబద్ధమైనా 1915 ఉంది.

ఆటో పెనుమూడిలో ఆగింది. ఆ అమ్మాయి దిగుతా "వాడికి వద్దని పెట్టేశా బాబాయ్. మరి ఆ ఇద్దరికీ ఎట్టా చెప్పాలి?" అంది. నేను చెబితే ముసలోడి నస అంటారు. నువ్వు చెప్పమ్మా, నీ మాటకి వాళ్ళ కాడ విలువుంది. ఆ యాప్‌వోడు కొనాలనుకుంది దాన్నే గదా.