పైనుంచి తీసిన ఫొటోకు పేరు పెట్టకండి



వానలు మొదలయ్యాయంటే మారేడుమిల్లి, అరకు అడవుల్లో పుచ్చిన దుంగల మీద మొలిచిన పుట్టగొడుగుల ఫొటోలు పత్రికల్లోనూ ఫోన్లలోనూ వరస కడతాయి. ఫొటో కింద ఒక శాస్త్రీయ నామం, పక్కనే ‘తినదగినది’ అన్న మాట. ఆ రెండూ ఫొటో చూసి రాసేవి కావు.

దుంగ మీది పుట్టగొడుగును తిప్పి చూడాలి. కొన్నింటికి అడుగున రేకులుంటాయి, కొన్నింటికి సన్నని రంధ్రాలు. మామిడి మొద్దుల మీద గుంపులుగా కనిపించే షైజోఫిల్లమ్‌కైతే ఒక్కో రేకూ నిలువునా చీలి ఉంటుంది. ఎండకు ముడుచుకుని, తడి తగలగానే విచ్చుకుంటుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఇవేవీ పడవు.

అడుగు చూసినా ఒక్కోసారి చాలదు. లేత ముత్యపుచిప్ప పుట్టగొడుగునూ, అదే తీరున దుంగకు అతుక్కుని పెరిగే క్రెపిడోటస్‌నూ పక్కపక్కన పెడితే చాలామంది తేడా చెప్పలేరు. గొడుగు కోసి, రేకులు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి సిద్ధబీజాల ముద్ర పడుతుంది. మొదటిదానికి తెల్లగానో లేత ఊదాగానో, రెండోదానికి గోధుమ రంగులో. ఖర్చు లేని ఈ పరీక్ష ఏ బడిలోనైనా చేయించవచ్చు. అయితే ముద్ర తెల్లగా పడినంత మాత్రాన తినొచ్చని కాదు. జపాన్‌లో చచ్చిన చెట్ల మొద్దుల మీద పెరిగే ఓంఫలోటస్ ముద్రా తెలుపే. దాన్ని మంచిదనుకుని వండుకుని అక్కడ ఏటా జనం ఆస్పత్రి పాలవుతున్నారు. పురుగు తిన్నది మనిషికీ మంచిదే అనే మాటనైతే పూర్తిగా వదిలేయాలి.

పండితులే పొరబడిన రంగమిది. గానోడెర్మా లూసిడమ్ అన్న పేరుకు మూలం 1781లో విలియం కర్టిస్ వర్ణించిన ఇంగ్లండ్ నమూనా. ఆసియాలో వార్నిష్ పూసినట్టు మెరిసే దుంగ పుట్టగొడుగులకల్లా చాలాకాలం అదే పేరు అంటించారు. చైనావాళ్లు మందుగా వాడేది వేరే జాతి అని తర్వాత తేలింది. మన కొబ్బరి మొదళ్లను కుళ్లబెట్టే గానోడెర్మాకూ పేరు పెట్టేముందు ఆగి చూడాలి.

అందుకే సంపాదకులారా, పాఠకులు పంపే ఫొటోలతో పాటు అడుగు భాగం ఫొటో, చెట్టు పేరు, చోటు, తేదీ అడగండి. తెలిసినంతవరకు ప్రజాతి పేరు మాత్రమే వేయండి. ‘తినదగినది’ అని మాత్రం ఎప్పుడూ అచ్చు వేయకండి. కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు ఎండబెట్టిన నమూనాలను చీటీ రాసి దాచిపెడితే, మన దుంగల మీద ఏవి పెరుగుతున్నాయో మన దగ్గరే సరిచూసుకోవచ్చు.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం