నీళ్ళు అద్దంలా ఉంటే చాలదు

ఒకప్పుడు ఈత కొలను అంటే పెద్ద హోటళ్ళలోనో, క్లబ్బుల్లోనో చూసేవాళ్ళం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలోనూ, హైదరాబాదు శివార్లలో మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలోనూ కనబడుతోంది. మనకు తెలిసిన కుటుంబాల్లో కూడా కొందరు కట్టించుకుంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు. ఈత మంచి వ్యాయామం. అయితే, కొలను కట్టించుకున్నవారు దాని నీటిని స్వయంగా పరీక్షించడం నేర్చుకోవాలి. అంత తీరిక, ఓపిక లేనివారు కొలను జోలికి పోకపోవడమే మేలు. ఇది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఒక వేసవి సెలవుల్లో మా అక్కావాళ్ళ ఫామ్‌హౌస్‌కి వెళ్ళాం. కొత్తగా కట్టించిన కొలనులో పిల్లలు పొద్దుటి నుండి ఆడారు. సాయంత్రానికి అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఇద్దరికి దగ్గు మొదలైంది. కొలను దగ్గర ఘాటైన వాసన. “క్లోరిన్ ఎక్కువైంది బావా! రెండు రోజులు వేయొద్దని పనివాడితో చెప్పాను. నీళ్ళు చూడు, అద్దంలా ఉన్నాయి” అన్నారు బావగారు. నాకూ నిజమే అనిపించింది. పక్క తోటవాళ్ళ దగ్గర టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే సంగతి తలకిందులైంది. నీటిలో పనిచేసే క్లోరిన్ దాదాపు లేదు. పి.హెచ్. చూస్తే రంగుల కార్డులో ఆఖరి గడి కూడా దాటిపోయింది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ముక్కుపుటాలు అదిరే వాసన శుభ్రతకు గుర్తు కాదు. క్లోరిన్ చెమటతోను, మూత్రంతోను కలిసినప్పుడు క్లోరమైన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి. ఆ ఘాటు వాటిది. కళ్ళు మండించేవి, దగ్గు తెప్పించేవి ముఖ్యంగా అవే. అంటే, క్లోరిన్ చాలడం లేదని నీళ్ళు మొరపెట్టుకుంటుంటే, ఎక్కువైందనుకుని మనం ఉన్నది కూడా ఆపేస్తున్నామన్నమాట!

ఇక పి.హెచ్. సంగతి. నీటి ఆమ్లగుణాన్ని, క్షారగుణాన్ని తెలిపే కొలత ఇది. కొలనులో 7.2కు, 7.8కు మధ్య ఉండాలి. 7.5 వద్ద మనం వేసిన క్లోరిన్‌లో సుమారు సగం సూక్ష్మక్రిములను వేగంగా చంపే రూపంలో ఉంటుంది. 8 దాటితే అది నాలుగో వంతు కూడా ఉండదు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, గట్టి నీళ్ళు. పైగా మనం వాడే బ్లీచింగ్ పౌడర్ పి.హెచ్.ను ఇంకా పెంచుతుంది. కాబట్టి పి.హెచ్. చూడకుండా క్లోరిన్ వేయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

కొత్తవారికి నేను చెప్పే వరుస ఇది. మొదట ఆల్కలినిటీ చూడండి. పి.హెచ్.ను నిలకడగా ఉంచేది అదే. లీటరుకు 80 నుండి 120 మిల్లీగ్రాములు ఉండాలి. తగ్గితే వంటసోడాతో పెంచవచ్చు. తరువాత పి.హెచ్. సరిచేయండి. చివరగా క్లోరిన్. లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల వరకు ఫ్రీ క్లోరిన్ ఉండాలి. పసుపురంగు వచ్చే ఓ.టి.ఓ. చుక్కల కిట్ మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది, క్లోరమైన్లను కూడా కలిపేస్తుంది. గులాబిరంగు వచ్చే డి.పి.డి. కిట్ అయితే ఫ్రీ క్లోరిన్‌ను విడిగా చూపుతుంది. అదే కొనండి.

ఎంత వేయాలన్నది చేతి అంచనాతో తేలదు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న కొలనులో సుమారు 22,600 లీటర్లు పడతాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచాలంటే 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 75 గ్రాములు కావాలి. బకెట్ నీటిలో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేటను పోయాలి. ఎండకు క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది కనుక సాయంత్రం పూట వేసి, ఫిల్టరు నడపండి. మర్నాడు పిల్లలు దిగేముందు మళ్ళీ పరీక్షించండి.

ఒక హెచ్చరిక. పి.హెచ్. తగ్గించే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎన్నడూ ఒకే బకెట్‌లో కలపరాదు, పక్కపక్కన నిల్వ ఉంచరాదు. కలిస్తే వచ్చేది ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు. క్లోరిన్ బిళ్ళలను, బ్లీచింగ్ పౌడర్‌ను కలిపినా నిప్పు పుట్టే ప్రమాదం ఉంది.

“మేము చెరువుల్లో, బావుల్లో ఈదలేదా? మాకేమైంది?” అని పెద్దలు అడుగుతారు. అప్పుడు కూడా విరేచనాలు, చెవిపోటులు ఉండేవి. కారణం నీళ్ళని ఎవరూ అనుకోలేదు, అంతే. పైగా చిన్న కొలనులో పదిమంది దిగితే ఒకరి మురికి పదిమందికీ చేరుతుంది. 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో అమీబా వల్ల మెదడువాపు వచ్చి పిల్లలు, పెద్దలు చనిపోయిన వార్తలు చదివాం. గోరువెచ్చని, క్లోరిన్ లేని నీటిలో పెరిగే ఆ సూక్ష్మజీవి ముక్కులోంచి లోపలికి పోతుంది. ఇది అరుదైన జబ్బే, కానీ సోకితే బతికేవారు తక్కువ.

క్లోరిన్ కూడా సర్వరోగనివారిణి కాదు. ఇ.కోలై వంటి బాక్టీరియా సరైన క్లోరిన్‌లో నిమిషంలోపే చస్తుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం మాత్రం వారం దాటినా బతికి ఉండగలదు. కాబట్టి విరేచనాలవుతున్న బిడ్డను, తగ్గిన తరువాత కూడా రెండు వారాల పాటు, కొలనులో దింపకండి. అందరూ స్నానం చేసి దిగాలి. పిల్లలను మధ్యమధ్య బాత్‌రూముకు పంపాలి.

మా బావగారు ఇప్పుడు కొలను గోడకు ఒక నోట్‌బుక్ వేలాడదీశారు. తేదీ, పి.హెచ్., క్లోరిన్ రోజూ రాస్తారు. రాయని రోజు పిల్లలకు ఈత లేదు. కొలను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ నియమం ఉండాలని నా కోరిక. పనివాడు నీళ్ళు చూస్తాడులే అనుకోకండి. అందులో దిగేది మన పిల్లలు.