కీచకుణ్ణి చంపితే సరిపోదు

మా పామూరు వైపు వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళట. నేను చూడలేదు, మా అవ్వ చెప్పేది. 1970 దాకా మాది నెల్లూరు జిల్లానే కాబట్టి తిక్కన గారు మాకూ చెందుతారని నా వాదన (నెల్లూరు మిత్రులు క్షమించాలి :)). మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు టీవీలో నర్తనశాల వస్తుంటే అవ్వ పక్కన కూర్చుని చూశాను. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన... ఈ కథని ఇప్పుడు తీస్తే ఎలా తీయాలి?

మన సినిమాలకిది కొత్త కథేం కాదు. దక్షిణాదిన మొదటి మూకీ కథాచిత్రమే ‘కీచక వధం’. 1917-18 ప్రాంతంలో మద్రాసులో నటరాజ మొదలియార్ తీశారు. 1920లో బాబూరావు పెయింటర్ ‘సైరంధ్రి’ తీస్తే, కీచకుణ్ణి చంపే దృశ్యం మరీ నిజంలా ఉందని సెన్సారు వాళ్ళు కత్తెర వేశారు. 1963లో కమలాకర కామేశ్వరరావు గారి నర్తనశాల. కీచకుడిగా ఎస్వీఆర్‌కి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి. భీముడు వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాల్.

ఇప్పుడైతే గ్రాఫిక్స్ ఉన్నాయి, ఇంకేం కావాలి! భారతంలో భీముడు కీచకుడి తలా కాళ్ళూ చేతులూ మొండెంలోకి కుక్కి మాంసం ముద్ద చేస్తాడు. అదంతా స్లో మోషన్‌లో పది నిమిషాలు చూపిస్తే హాల్లో ఈలలే ఈలలు. నేనూ వేస్తానేమో. కానీ అది వట్టి ఫైట్ సీనే అవుతుంది.

నాకైతే అసలు హింస చంపడానికి ముందూ, తర్వాతా కనిపిస్తుంది. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నితే విరాటరాజు నోరు మెదపడు. బావమరిది, పైగా సేనాపతి మరి. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజేమో నటిలా ఇక్కడ నిలబడకు, లోపలికి పో అంటాడు. నా భర్తే నటుడు, జూదరి, నేనింకెలా ఉంటాను అని ఆమె జవాబు. ఇక కీచకుడు చచ్చాక ఉపకీచకులు ఈమె వల్లే పోయాడంటూ ఆమెని శవంతో పాటు తగలబెట్టబోతారు. దానికీ రాజు సరే అంటాడు. భీముడు 105 మందిని చంపి విడిపించాక, రాణి సుదేష్ణ ద్రౌపదినే వెళ్ళిపొమ్మంటుంది. ఇంకో 13 రోజులు ఉండనివ్వమని ద్రౌపది బతిమాలుకోవాలి.

“వాడు చచ్చినా గడువు ఆడమనిషికే గదరా అబ్బయ్యా” అంది అవ్వ.

ఆ మాట వినగానే నాకు పాత ఆఫీసు గుర్తొచ్చింది. 2013 చట్టం ఉంది, ఏటా ఆన్‌లైన్ ట్రైనింగ్ క్లిక్కులు కొట్టి సర్టిఫికెట్ తీసుకుంటాం. మా టీములో ఒకమ్మాయి లీడ్ మీద ఫిర్యాదు చేసింది. రిలీజ్ దగ్గర పడింది, అతను లేకపోతే పని నడవదు. అందుకని ఆమెనే వేరే ప్రాజెక్టుకి మార్చారు. స్టేటస్ కాల్‌లో ఆ సంగతి చెప్పినప్పుడు పన్నెండు మందిమి ఉన్నాం. అందరం మ్యూట్‌లోనే ఉన్నాం. నేను కూడా.

అలా తీస్తే ఎవడు చూస్తాడు, డబ్బులు రావొద్దా అంటారేమో. ఒక్క సంగతి చెప్తాను. ఖాడిల్కర్ 1907లో మరాఠీలో ‘కీచక్‌వధ్’ నాటకం వేస్తే జనం కీచకుడిలో కర్జన్‌ని చూశారు. 1910లో బ్రిటిష్ వాళ్ళు ఆ నాటకాన్నే నిషేధించారు. తెర మీద రక్తం ఎక్కువైతే ఒక కత్తెర సరిపోయింది. జనం తమ కాలాన్ని గుర్తుపట్టేసరికి మొత్తం ఆపాల్సొచ్చింది. ఏది ఎక్కువ బలమైనదో మీరే చెప్పండి.

పేపర్లలో ‘కీచక టీచర్’ అని హెడ్డింగులు చూస్తుంటాం. కీచకుడి పేరు తిట్టుగా మిగిలింది, విరాటుడి పేరు మిగల్లేదు. అందుకే ఈ కథ తీసేవాళ్ళకి నా మనవి ఒకటే. చంపే సీను ఎంతసేపైనా తీసుకోండి, దానికంటే ఎక్కువసేపు ఆ సభలో కూర్చున్నవాళ్ళ మొహాలు చూపించండి. వాటిలో నా మొహం ఎక్కడుందో నేను వెతుక్కుంటాను.