తగ్గిందనుకుంటే ముప్పే!

వానలు మొదలవగానే చాలామంది పిల్లాపాపలతో అరకు, లంబసింగి వైపు బయల్దేరతారు. దారి పక్కన గడ్డిలో తెల్లగా విచ్చుకున్న పుట్టగొడుగులు కనిపిస్తే కోసుకెళ్లి కూర వండుకుందామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

‘కొండల్లో ఉండేవాళ్లు తింటున్నారు కదా!’ అంటారేమో. నిజమే. ఏ పుట్ట మీద, ఏ వానకు, ఏది మొలుస్తుందో వాళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగారు. అలవాటున్న చోటా పొరపాట్లు జరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారే. ఇక ఏడాదికోసారి కొండెక్కే మనమెంత?

విషమైతే వెండి చెంచా నల్లబడుతుందని, పురుగు తొలిచిందైతే మంచిదని, పసుపు వేసి ఉడికిస్తే చాలని చెబుతుంటారు. ఇవేవీ నిజం కావు. డెత్ క్యాప్ వంటి పుట్టగొడుగుల్లో ఉండే అమటాక్సిన్ అనే విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. రుచిని బట్టీ పసిగట్టలేం. ఫోన్‌లో ఫొటో తీసి యాప్ చెప్పిందని తినడమూ ప్రాణాలతో చెలగాటమే.

దీని తీరే మోసపూరితం. తిన్నాక సాధారణంగా 6 నుంచి 12 గంటల వరకు, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన తగ్గినట్టే ఉంటుంది. హమ్మయ్య అనుకుంటాం. లోపల మాత్రం కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మూడు, నాలుగు రోజులకు కళ్లు పచ్చబడ్డాక ఆసుపత్రికి పరిగెత్తితే, కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు.

అందుకే ఏమాత్రం అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. బాగానే ఉన్నవారితో సహా, ఆ కూర తిన్న అందరినీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన కూరను, వండని ముక్కలుంటే వాటిని కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. వాంతులు తగ్గాయని మధ్యలో ఇంటికి వచ్చేయకండి.

పుట్టగొడుగుల కూర మీద మనసైతే బజార్లో పెంచినవి దొరుకుతాయి. కొండ మీద కనిపించినవాటిని పిల్లలకు చూపించండి, ఫొటో తీసుకోండి. సంచిలో మాత్రం వేసుకోకండి.