పశువుల మందుల భారం రైతు మెడకేనా?

సార్వా కోతలు అయ్యాక చేతికొచ్చిన డబ్బు కౌలుకు, ఎరువుల షాపు బాకీకి పోతుంది. ఆ తర్వాత ఇల్లు గడిచేది గేదె మీదే. కృష్ణా డెల్టాలో కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టదు. పంట నష్టం రాసేటప్పుడు అతని పేరు ఎక్కదు. అతనిది అని చెప్పుకోదగ్గ ఆస్తి ఏదైనా ఉంటే అది సావిట్లో కట్టేసిన గేదే. పాలిచ్చే మంచి గేదె ఇవాళ లక్ష రూపాయలకు అటూ ఇటూ పలుకుతోంది. గురక రోగం తగిలి అది రాత్రికి రాత్రి పోతే, ఆ కుటుంబం మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

టీకాల ఖర్చు, మందుల ఖర్చు ఎలా తగ్గించుకోవాలని సభ్యులు చాలామంది అడుగుతున్నారు. షాపులో బేరమాడితే తగ్గేది పదో ఇరవయ్యో. మనం గట్టిగా బేరమాడాల్సిన చోటు ప్రభుత్వం దగ్గర. ఎందుకంటే అన్నిటికంటే చవకైన మందు టీకా. ఆ టీకా డబ్బు పన్నుల రూపంలో మనం ముందే కట్టేశాం.

మన తాతల కాలంలో ముసర రోగం వస్తే ఊళ్లకు ఊళ్లు గొడ్లు లేకుండా పోయేవి. రిండర్‌పెస్ట్ అంటారు దాన్ని. ఇవాళ అది ఎక్కడా లేదు. మన దేశానికి ఆ రోగం నుంచి విముక్తి దొరికినట్టు 2006లో, ప్రపంచానికే దొరికినట్టు 2011లో ప్రకటించారు. దాన్ని తరిమింది ఏ షాపు సీసా కాదు. ఊరూరా తిరిగి ఉచితంగా టీకా వేసిన ప్రభుత్వ సిబ్బంది. పశువైద్యం ప్రైవేటుకు వదిలేస్తే మేలని చెప్పే పెద్దమనుషులు ఎవరైనా కనిపిస్తే ఈ ఒక్క ముక్క అడగండి.

గాలికుంటు సంగతి చూద్దాం. 2019 సెప్టెంబరులో మధురలో ప్రధాని జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం ప్రారంభించారు. ఐదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు, మొత్తం కేంద్రానిదే. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా వేస్తామన్నారు. 2030 నాటికి ఆ రోగాన్ని దేశంలో లేకుండా చేస్తామన్నారు. పెయ్య దూడలకు, పడ్డ దూడలకు 4 నెలల నుంచి 8 నెలల వయసు మధ్య బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయడం కూడా ఆ పథకంలో భాగమే. ఆ వయసు దాటితే ఆ దూడకు ఇక అవకాశం పోయినట్టే. తర్వాత చూడి ఈసుకుపోయి గేదె వట్టిపోతే నష్టం మనది. పైగా ఆ జబ్బు పాలు పితికే మనిషికీ అంటుకుంటుంది.

పథకం మంచిదే. ఊళ్లో జరిగేది ఏమిటి? టీకా జట్టు ఎప్పుడు వస్తుందో ముందురోజు కూడా తెలియదు. పొద్దెక్కాక వస్తారు. ఆ వేళకు గేదెలు కాలవ గట్ల మీద మేతలో ఉంటాయి, ఆడా మగా కూలికి పోయి ఉంటారు. సావిళ్లు ఖాళీగా కనిపిస్తే 'రైతులు సహకరించలేదు' అని రాసుకుని పోతారు. తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గర ఊరంతా ఉంటుంది. ముందురోజు అక్కడ పలక మీద నాలుగు ముక్కలు రాయించి, మర్నాడు గొడ్లు కట్టు విప్పకముందే వస్తే ఒక్క పశువు తప్పదు. దీనికి కోట్లు అక్కర్లేదు.

గురక రోగం టీకా, జబ్బవాపు టీకా తొలకరికి ముందే పడాలి. వానలు పడి మేత బురదయ్యాక వేస్తే సగం ప్రయోజనం పోయినట్టే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ నుంచి నందివాడ దాకా నీళ్లలో నిలబడ్డ గొడ్లను మనం చూశాం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలిన రోజులవి. అలాంటి ముంపు తర్వాత తడిసిన గడ్డి, నిలవ నీరు, అంటురోగాలు వరసగా వస్తాయి. అప్పుడు శిబిరాలు పెట్టి ఫొటోలు దిగితే సరిపోదు. మే నెలలోనే టీకా పడి ఉండాలి.

మనవాళ్ల మాటా చెప్పుకోవాలి. 'సర్కారు టీకా నీళ్లు', 'టీకా వేస్తే పాలు తగ్గుతాయి' అని తప్పుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. టీకా వేశాక ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి కాస్త పాలు తగ్గే మాట నిజం. గాలికుంటు వస్తే ఆ ఈతంతా తగ్గుతాయి. ఇక నీళ్ల సంగతి. గాలికుంటు టీకా తయారుచేసే పెద్ద సంస్థల్లో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ ఒకటి. అది మన పాడి రైతుల బోర్డు ఎన్‌డీడీబీ 1982లో పెట్టింది. అక్కడి టీకాలు బయటి దేశాలకూ పోతున్నాయి. సీసాలో నీళ్లు లేవు. అయితే టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచాలి. ఐసు లేని డబ్బాలో మోటార్‌సైకిల్ మీద ఎండలో తిరిగిన టీకా నిజంగానే నీళ్లతో సమానం. కాబట్టి టీకా వద్దనకండి. డబ్బా మూత తీయించి ఐసు చూడండి, సీసా మీద తేదీ చూడండి. అడిగితే కోప్పడే హక్కు ఎవరికీ లేదు. చూడి నెలలు నిండిన గేదె ఉంటే ముందే చెప్పండి. చెవిపోగు మీది 12 అంకెల నంబరు మీద ఆ రోజే నమోదు చేయించండి.

టీకా తప్పితే మందుల షాపు. మా చుట్టుపక్కల ఒక్కో డాక్టరు గారు రెండు మూడు ఆసుపత్రులు చూస్తున్నారు. ఉన్నచోట బీరువాలో మందు లేదు, చీటీ ఉంది. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఇంటికే వస్తుంది. 2022 మే నెలలో 175 బండ్లతో మొదలైంది, మంచి పని. అందులోనూ మందులు నిండుగా ఉంటేనే పని. లేకపోతే మళ్లీ చీటీయే. ఆ చీటీ పట్టుకుని షాపుకు పోతే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి సూది, దానికి తోడు లివర్ టానిక్, కాల్షియం సీసా. డాక్టరు రాసింది రెండు, చేతికొచ్చింది నాలుగు. బిల్లు అడిగితే మొహం అదోలా పెడతారు.

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉండేది మందు. ఫెన్‌బెండజోల్ ఏ కంపెనీ సీసాలో ఉన్నా ఫెన్‌బెండజోలే. మెలాక్సికామ్ అయినా అంతే. ఒకే మందు, ఒకే మోతాదు, రెండు పేర్లు, రెండు ధరలు. ఆ తేడా చిన్నదేం కాదు. నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తానంటే వద్దనండి. రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. మెలాక్సికామ్ దానికి బదులు వాడదగ్గ మందు.

మనుషులకు జన్ ఔషధి దుకాణాలు దేశంలో 15 వేలు దాటాయి. పశువులకు? 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 'పశు ఔషధి' ఆమోదించింది. కిసాన్ సమృద్ధి కేంద్రాల్లో, సహకార సంఘాల్లో చవక జనరిక్ మందులు అమ్ముతామన్నారు. దానికి ఇచ్చింది 75 కోట్లు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న పశువులు, జీవాలు 53 కోట్ల 57 లక్షలు. భాగించి చూడండి. తలకు రూపాయి నలభై పైసలు. అందులోనే అమ్మేవాళ్ల ప్రోత్సాహకం కూడా. ఒక సూది కూడా రాదు ఆ డబ్బుకు! 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు కదా, ఆ ఏడు శాతం మన సావిడి దాకా వచ్చిందా? బిల్లే ఇవ్వనప్పుడు వచ్చిందో షాపులోనే ఆగిందో ఎలా తెలుస్తుంది?

డెల్టాలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది నట్టల మందు దగ్గర. మన గేదెలు కాలవల్లో దిగుతాయి, గట్ల మీద మేస్తాయి. అక్కడి నత్తల నుంచి కార్జపు జలగ పడుతుంది. గొడ్డు చిక్కిపోతుంది, పారుతుంది, దవడ కింద నీరు దిగుతుంది. షాపులో 'నట్టల మందు' అంటే ఏదో ఒక సీసా ఇస్తారు. మామూలు మోతాదు ఫెన్‌బెండజోల్ జలగ మీద సరిగ్గా పనిచేయదు. దానికి ఆక్సీక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ లాంటివి కావాలి. ఏది కావాలో పేడ పరీక్ష చెబుతుంది. చిన్న డబ్బాలో కాస్త పేడ పట్టుకుని ఆసుపత్రికి పోవడానికి నామోషీ ఎందుకు? పరీక్ష చేసే సామాను లేదంటే అదే మన మొదటి ఫిర్యాదు. చూడి గేదెకు మాత్రం షాపువాడి మాట మీద ఏ నట్టల మందూ తాగించొద్దు.

పొదుగువాపుకు మొదట్లోనే కలబంద, పసుపు, సున్నం ముద్ద పూయమని ఎన్‌డీడీబీయే ప్రచారం చేస్తోంది. చేసి చూడొచ్చు. జ్వరం ఉన్నా, పాలలో రక్తం వచ్చినా ముద్దతో కాలక్షేపం చేయకుండా డాక్టరును పిలవాలి. యాంటీబయాటిక్ మొదలుపెడితే మధ్యలో ఆపొద్దు, ఆ రోజుల పాలు కేంద్రానికి పోయొద్దు. మధ్యలో ఆపిన మందు మళ్లీ రెట్టింపు ఖర్చుతో తిరిగొస్తుంది.

కుందేళ్లు పెంచే పిల్లల నుంచీ ప్రశ్నలు వచ్చాయి. మనం చెప్పుకున్న ఉచిత టీకాల్లో కుందేలు లేదు. దానికి ఎక్కువగా వచ్చేది గజ్జి, చెవుల్లో పురుగు. బరువు చూసి డాక్టరు వేసే సూదితో తగ్గుతుంది. కుక్కలకు పిడుదుల కోసం కొట్టే ఫిప్రోనిల్ మందు కుందేలుకు ప్రమాదం. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ నోట్లో పోసినా చచ్చిపోవచ్చు. ఇక్కడ డబ్బు మిగలాలంటే సొంత వైద్యం మానడమే దారి.

మన సంఘం అడుగుతున్నది ఇది. టీకా తేదీలు వారం ముందు పాలకేంద్రాల్లో, రైతు సేవా కేంద్రాల్లో రాసి పెట్టాలి. డాక్టర్లు మందు అసలు పేరుతోనే చీటీ రాయాలి. డెల్టాలోని ప్రతి సహకార సంఘంలో పశు ఔషధి మందులు దొరకాలి, ముందుగా నట్టల మందులు, పొదుగు ట్యూబులు. ఖాళీ పోస్టులు నింపాలి. అప్పటిదాకా ఊరి పాల సంఘాలు డాక్టరు గారితో చీటీ రాయించుకుని నట్టల మందు కలిసి కొనండి, పెద్ద డబ్బా మీద ధర తగ్గుతుంది.

కృష్ణా జిల్లా సభ్యులు మచిలీపట్నంలో, ఎన్టీఆర్ జిల్లా సభ్యులు విజయవాడలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీలతో రండి. గత ఏడాది కొన్న మందుల బిల్లులు, గేదె చెవిపోగు నంబరు, చివరిసారి టీకా వేసిన నెల రాసుకుని తెండి. బిల్లు ఇవ్వని షాపులో కొన్నవైతే ఖాళీ సీసాలే సంచిలో వేసుకు రండి, కలెక్టరు గారి బల్ల మీద పెడదాం.