పొలం కూడా జూదమేనంటే నేను ఒప్పుకోను

ఈరోజు ఎరువుల మాట కాదు, ఇంటి మాట.

మా తమ్ముడి కొడుకు ఈ ఏడు జీడిపిక్కలు అమ్మిన డబ్బులో రెండు బస్తాల సొమ్ము ఫోన్లో స్లాట్ ఆటకి పెట్టి పోగొట్టాడు. మందలిస్తే, "తిత్లీకి నువ్వు పోగొట్టుకున్నదానికన్నా తక్కువే కదా పెదనాన్నా! వ్యవసాయం మాత్రం జూదం కాదేటి?" అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

స్లాట్ అంటే మీట నొక్కితే మూడు చక్రాలు తిరుగుతాయి, బొమ్మలు కలిస్తే డబ్బు. చక్రానికి 10 బొమ్మలనుకుంటే మూడు ఏడులు పడేది 1000లో ఒక్కసారి. రూపాయి పందానికి ఆ ఒక్కసారి 1000 ఇస్తే ఆట సమానం. ఏ యజమానీ సమానంగా ఇవ్వడు, 950 ఇస్తాడు. 100కి 95 వస్తే మంచిదే అనిపిస్తుంది. కానీ మనవాడు ఆ 95 జేబులో వేసుకోడు, మళ్లీ పెడతాడు. అలా 14 సార్లు తిప్పేసరికి సగటున సగం కూడా మిగలదు.

"రెండు ఏడులు పడ్డాయి, మూడోది కొద్దిలో తప్పింది" అంటాడు. కొద్దిలో తప్పడమేటి? మీట నొక్కగానే కంప్యూటర్ అంకె తీసేస్తుంది, ఫలితం అప్పుడే తేలిపోతుంది. చక్రాలు తిరగడం మనకి చూపించే తమాషా. ఇంతవరకు పోయింది కాబట్టి ఇకముందు వస్తుందన్న లెక్కా లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ మన కొబ్బరి, జీడి చెట్లని పడగొట్టింది. నిజమే. కానీ ఆ తుఫానుని నన్ను ఓడించడానికి ఎవడూ తయారు చెయ్యలేదు. భూమి మిగిలింది, మళ్లీ మొక్క నాటాం. స్లాట్‌లో నాటడానికి ఏమీ మిగలదు.

వాడి మాటలో ఒక నిజం ఉంది. పిక్కల ధర మన చేతిలో లేదు. గిట్టుబాటు లేని ఇంట్లోనే కుర్రాడికి ఆ మీట తీపిగా కనిపిస్తుంది. ధర అడగాల్సిందే, దానికి పోరాడాల్సిందే.

మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ జూదం నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా మావాడి ఫోన్‌కి లింకు వచ్చింది. చట్టం కన్ను పడని చోట మన కన్ను పడాలి.

తిట్టడం మానేసి ఈ లెక్క వాడిచేతే కాగితం మీద వేయించాను. చాలాసేపు మాట్లాడలేదు. మీ ఇంటి కుర్రాళ్ల చేత కూడా ఒకసారి వేయించండి.